గువ్వ ఎక్కడుంది

ఆ ఇంట్లోకి మారి నెల తిరగలేదు, వీధిలో వాళ్ళకి ఆమె అప్పుడే కంప్యూటరమ్మ అయిపోయింది. ఎప్పుడు చూసినా కిటికీ పక్కన కంప్యూటరు ముందు కూర్చుని, పెదవులు కదుపుకుంటూ, తనలో తను ఏదో లెక్క వేసుకుంటూ కనిపించేది మరి. అసలు పేరు అడిగి తెలుసుకునే తీరిక ఎవరికుంది? కూరగాయల బండివాడు కూడా "కంప్యూటరమ్మగారూ, బెండకాయలు లేతగా ఉన్నాయి" అనే కేకేసేవాడు.

ఇంట్లో నలుగురు. ఆమె, భర్త, అత్తయ్య, ఏడేళ్ళ కూతురు గువ్వ. ఆ పిల్ల అసలు పేరు బడిలో హాజరు వేసేటప్పుడు తప్ప ఎక్కడా వినపడదు. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఊళ్ళో ఎవరు ఏ లిఫ్టులో ఇరుక్కున్నా ఫోను ఆయనకే వస్తుంది. అందుకని ఇంటికి ఎప్పుడొస్తాడో ఆయనకే తెలీదు.

అత్తయ్యది వేరే బాధ. మనిషి గట్టిదే, మాట ఇంకా గట్టిది. మతి మాత్రం జారిపోతోంది. ఒకరోజు మధ్యాహ్నం చెప్పులైనా లేకుండా నడిచి వెళ్ళిపోయింది. ఊరంతా గాలిస్తే చివరికి బస్సులు ఆగే చోట బల్ల మీద దొరికింది. వచ్చేపోయే వాళ్ళని పట్టుకుని "మా అబ్బాయిని బడి నుంచి తీసుకురావాలి, బస్సు ఎప్పుడు?" అని అడుగుతోంది. ఆ అబ్బాయికి అప్పటికే సగం జుట్టు తెల్లబడింది. తల్లిని చూసి రోడ్డు మీదే కూలబడి ఏడ్చాడు.

కంప్యూటరమ్మ ప్రోగ్రాము ఆ ఏడుపులోంచి పుట్టింది. ఎలక్ట్రీషియను పని చేసే ఆమె తమ్ముడు వచ్చి ఇంట్లో ప్రతి గడప దగ్గరా పల్చటి రబ్బరు పట్టీ అతికించాడు. ఎవరు తొక్కినా బరువెంతో, అడుగు ఎలా పడిందో పట్టీ కంప్యూటరుకి చెబుతుంది. అడుగుని బట్టి మనిషెవరో ప్రోగ్రాము పోల్చుకుంటుంది. ఎవరు ఏ గదిలో ఉన్నారో తెర మీద రాసి పెడుతుంది.

"అంటే నన్ను దొంగని కాసినట్టు కాస్తావన్నమాట" అంది అత్తయ్య మొదటిరోజే.

"అది కాదత్తయ్యా. పోస్టాఫీసులో అరలుంటాయి చూడండి, అలాంటివే ఇందులోనూ ఉన్నాయి. దీన్ని మేం డిక్షనరీ అంటాం. ప్రతి అర మీదా ఒక పేరు. అరలో ఒక్క చీటీయే పడుతుంది. మీరు హాల్లోకి వస్తే మీ అరలో 'హాలు' అని చీటీ పడుతుంది. అక్కణ్ణుంచి వంటగదిలోకి వెళ్తే పాతది తీసేసి 'వంటగది' అని కొత్తది పెడుతుంది."

"పాత చీటీ ఏమవుతుంది?"

"పోతుంది. ఇక దొరకదు."

"మరి ఏ అర మీదా పేరు లేనివాళ్ళొస్తే?"

"అదే కొత్త అర చేసుకుంటుంది. 'కొత్త మనిషి' అని రాసుకుంటుంది. ఉన్న అరలో చీటీ మార్చడానికీ, లేని అర పుట్టించడానికీ నేను రాసింది ఒకే ఒక్క లైను. పేరుంటే మారుస్తుంది, లేకపోతే చేరుస్తుంది. ఏ పని చేసిందో మనతో చెప్పదు."

"నోరు లేని పనిమనిషి. బాగుంది. నేను పంచదార తిన్నా చెప్పదుగా?"

"అది చెప్పదు. డబ్బా మూత మీరే సరిగ్గా పెట్టరు. నేనే కనిపెడతా."

అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ప్రోగ్రాముకి అందరికంటే తొందరగా పట్టుబడింది గువ్వ. గడప వస్తే చాలు, ఆ పిల్ల రెండు కాళ్ళూ కలిపి కప్పలా గెంతుతుంది. ధబ్. ఇల్లంతా అదిరేది. వద్దంటే వినేది కాదు. ఆ గెంతు ఇంకెవరికీ రాదు.

ఆ రోజు ఆదివారం. మర్నాడు ఒక వృద్ధాశ్రమం వాళ్ళు ఈ ప్రోగ్రాము చూడడానికి వస్తామన్నారు. వాళ్ళకి నచ్చితే ఆమె చేతికి మళ్ళీ ఒక పని దొరికినట్టే. అందుకే పొద్దుట్నుంచీ కుర్చీ దిగలేదు. మధ్యాహ్నం మొదలైన వాన తగ్గలేదు సరికదా, ఇంకా ముదిరింది. సాయంత్రం కాకముందే చీకటి కమ్మింది. చూరు మీంచి నీళ్ళు ఒకటే ధారగా పడుతున్నాయి. ఇంట్లో తడిసిన గోడల వాసన. లోపల గదిలో అత్తయ్య గువ్వకి ఏదో కథ చెబుతోంది. సగంలో మరిచిపోయి మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకుంటోంది.

తెర మీద నాలుగు పేర్లు.

నేను : హాలు
ఆయన : బయట
అత్తయ్య : అత్తయ్య గది
గువ్వ : అత్తయ్య గది

ఆమె నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది. మళ్ళీ తెర చూసేసరికి ఐదో లైను ఉంది.

కొత్త మనిషి : సామాన్ల గది

సామాన్ల గది మెట్ల కింద ఉంది. నేలకంటే కొంచెం లోతుగా, రెండు మెట్లు దిగాలి. ఇల్లు అద్దెకిచ్చిన వాళ్ళ విరిగిన మంచాలు, పాత బీరువా అందులో పడేసి ఉన్నాయి. దానికి బయటినుంచి గడియ. తమ్ముడు పట్టీ మిగిలిందని ఆ తలుపు లోపల కూడా ఒక ముక్క అతికించాడు.

తప్పు ఎక్కడుందా అని ఆమె ముందు ప్రోగ్రాములోనే వెతికింది. కనిపించలేదు. విసుక్కుంటూ లేచి వెళ్ళింది. గడియ వేసే ఉంది. తీసింది. లోపలినుంచి చల్లగాలి మొహానికి కొట్టింది. తడి సున్నం వాసన, ఎలకల కంపు. వాటి వెనక ఇంకో వాసన... ఆడుకుని వచ్చిన చిన్నపిల్లల తల దగ్గర వస్తుంది చూడండి, ఆ చెమట వాసన.

చీకట్లో ఏమీ కనిపించలేదు. టార్చి కోసం వంటగదిలోకి వెళ్ళింది. తలుపు తెరిచే వదిలేసింది. టార్చి ఎంతకీ వెలగలేదు. బ్యాటరీలు తీసి, తుడిచి, తిప్పి వేసేసరికి కాసేపు పట్టింది. తిరిగొచ్చి గుమ్మంలోంచే వెలుగు వేసి చూసింది. మంచాలు, బీరువా, గోడ వారన నల్లగా తేమ. ఎవరూ లేరు. బీరువా వెనక్కి వెళ్ళి చూడాలనిపించలేదు. గడియ వేసేసరికి టార్చి మళ్ళీ ఆరిపోయింది, వచ్చేసింది.

తమ్ముడికి ఫోను చేసింది. పట్టీలు చెప్పేదంతా వాడి ఫోనులోకి కూడా వెళ్తుంది.

"తేమ తగిలి ఉంటుందక్కా. వానకి పట్టీ పిచ్చిగా వాగుతోంది. ఉండు, చూస్తా."

వాడు ఫోనులో చూస్తున్నాడు. వాన చప్పుడొక్కటే వినిపించింది.

"అక్కా..."

"చెప్పరా."

"తేమకి కాళ్ళుండవు కదక్కా. ఇక్కడ అడుగులు పడుతున్నాయి. చిన్నపిల్లల బరువు. గడప దగ్గరికొచ్చి నిలబడుతోంది. కాసేపాగి వెనక్కి దిగుతోంది. మళ్ళీ వస్తోంది."

"నేను ఇప్పుడే చూసొచ్చాన్రా. ఎవరూ లేరు."

"మరైతే... ఏమోనే. ఎందుకైనా మంచిది, ఆ గది జోలికి వెళ్ళకు. నేను పొద్దున వస్తా."

ఫోను పెట్టేసి ఆమె ఆ ఐదో పేరుని చెరిపేసింది. కళ్ళు మూసి తెరిచేలోపు మళ్ళీ వచ్చి కూర్చుంది. ఇంకోసారి చెరిపింది. ఇంకోసారి వచ్చింది. చెరపడం, రావడం... అలా ఎన్నిసార్లో. రేపు వృద్ధాశ్రమం వాళ్ళ ముందు ఇదే జరిగితే తల ఎక్కడ పెట్టుకోవాలి?

ఆ ఉక్రోషంలో ఆమె ఆ ఒక్క లైను మార్చింది. పేరు ముందే ఉంటేనే చీటీ మార్చు. లేకపోతే వదిలెయ్యి. కొత్త పేర్లు చేర్చకు.

ఐదో లైను పోయింది. ఈసారి రాలేదు. ఆమె వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలింది.

అప్పుడు మెట్ల కిందినుంచి వినపడింది.

ధబ్.

రెండు కాళ్ళూ కలిపి గెంతిన చప్పుడు.

తెర మీద గువ్వ పేరు పక్కన మాట మారింది.

గువ్వ : సామాన్ల గది

ఆమె ఎలా లేచిందో, అత్తయ్య గది గుమ్మందాకా ఎలా పరుగెత్తిందో ఆమెకే తెలీదు. లోపల దీపం వెలుగుతోంది. మంచం మీద అత్తయ్య కూర్చుని ఉంది. ఆమె ముందు, గుమ్మానికి వీపు పెట్టి, గువ్వ. అత్తయ్య దాని చిక్కుజుట్టు దువ్వుతోంది. పై ప్రాణాలు పైనే పోయినంత పనై, మళ్ళీ దిగి వచ్చాయి ఆమెకి. గోడ పట్టుకుని నిలబడింది.

"గువ్వా... ఇక్కడే ఉన్నావా?"

"ఉన్నానమ్మా" అంది పిల్ల, తల తిప్పకుండా.

"ఇందాకట్నుంచీ ఎక్కడికీ వెళ్ళలేదుగా?"

"లేదమ్మా."

కరెంటు పోయింది.

చీకటి మీద పడింది. వాన చప్పుడు రెట్టింపైనట్టు అనిపించింది. ఆమె చెయ్యి చాపి పిల్ల చెయ్యి అందుకుంది. చల్లగా ఉంది. వానకాలం కదా, చల్లగానే ఉంటుంది అనుకుంది.

అప్పుడే... మెట్ల కిందినుంచి...

"అమ్మా."

గువ్వ గొంతు.

"అమ్మా, తలుపు తియ్యి. దాక్కుందామని వచ్చా. నువ్వు గడియ పెట్టేశావు."

ఆమె పట్టుకున్న చెయ్యి వదల్లేదు. ఆ చెయ్యి కూడా ఆమెని గట్టిగా పట్టుకుంది.

"అమ్మా" అంది పక్కనున్న పిల్ల గుసగుసగా. "అదెవరమ్మా?"

అదే గొంతు. ఆ చివర కాస్త సాగదీయడం కూడా అంతే.

ఆమె పిల్లని చేత్తో లాక్కుంటూ హాల్లోకి వచ్చింది. పట్టీలని నడిపే కంప్యూటరు బ్యాటరీ మీద ఇంకా వెలుగుతోంది. ఇంట్లో ఉన్న వెలుగల్లా అదే. అక్షరాలు తప్పుతుంటే, కొట్టి చెరిపి కొట్టి, ఆ లైనుని మళ్ళీ ముందులాగా మార్చింది. పేరుంటే మార్చు, లేకపోతే చేర్చు. నీ పేరు నీకుంటుంది, నా బిడ్డ పేరు వదిలెయ్యి... అని నోటితోనే అంటోంది, ఎవరికి చెబుతోందో తెలీకుండా.

"గువ్వా, నాన్నా, ఒక్కసారి ఆ గడప దాటి లోపలికెళ్ళి మళ్ళీ రా."

పిల్ల చెయ్యి వదిలి వెళ్ళింది. వచ్చింది. చప్పుడు లేదు.

తెర మీద లైను చేరింది.

కొత్త మనిషి : అత్తయ్య గది

మరుక్షణం మారింది.

కొత్త మనిషి : హాలు

గువ్వ పేరు పక్కన మాట మాత్రం కదల్లేదు. సామాన్ల గది. సామాన్ల గది.

ఆమె తెర వెలుగులో పిల్ల మొహం వంక చూసింది. గువ్వే. కనుబొమ మీద మచ్చ. ఊడిన ముందు పన్ను. తాను పొద్దున వేసిన పువ్వుల గౌను.

"గెంతవేం నాన్నా? రోజూ గెంతుతావుగా."

"కాలు నొప్పమ్మా."

లోపల్నుంచి అత్తయ్య గోడ తడుముకుంటూ వచ్చింది. "కరెంటెప్పుడొస్తుందే అమ్మాయ్?"

"అత్తయ్యా" అంది ఆమె. "మీకు దణ్ణం పెడతా. సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పండి. గువ్వ ఇందాక మీ దగ్గర్నుంచి లేచి వెళ్ళిందా?"

"గువ్వా? వెళ్ళింది. దాక్కుంటా, వెతుకు నానమ్మా అంది." అత్తయ్య ఆలోచించింది. "కాదేమో. అది నిన్నేమో. మళ్ళీ వచ్చింది కదా, ఇదిగో." పిల్ల తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఆగింది. "అమ్మాయ్... చిక్కులన్నీ తీశానే. లాగి లాగి తీశా. ఇది ఏడవలేదు. మన గువ్వ ఏడుస్తుంది కదూ?"

పిల్ల తెర వంకే చూస్తూ నిలబడింది.

తలుపు వెనక నుంచి మళ్ళీ. "అమ్మా... నీళ్ళొస్తున్నాయి. మోకాళ్ళ దాకా వచ్చాయమ్మా."

నిజమే. తలుపు కిందినుంచి నల్లగా నీళ్ళు పాకుతున్నాయి. వీధి కాలువ పొంగి ఆ గది తూముగుండా లోపలికి వస్తోందో ఏమో. ఆమె భర్తకి ఫోను చేసింది. పలకలేదు. మళ్ళీ చేసింది. పలకలేదు. తమ్ముడికి చేసింది. వాడు మొదటి గంటకే ఎత్తాడు.

"అక్కా, నేనూ చూస్తున్నా. ఇద్దరు పిల్లలేంటక్కా ఇంట్లో?"

"ఏది నాదిరా? తమ్ముడూ, ఏది నా బిడ్డ? చెప్పరా!"

"ఆ తలుపు మాత్రం తియ్యకు. నేను బయల్దేరుతున్నా. విను, ఆ గదిలోది ముందు మామూలుగా నడిచింది. గెంతడం తర్వాత..."

ఫోను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు.

తర్వాత నేర్చుకుంది అనబోయాడా? తర్వాత గువ్వ లోపలికి వెళ్ళింది అనబోయాడా? ఆమె టార్చి కోసం వెళ్ళినప్పుడు తలుపు తెరిచే ఉంది. ఆ కాసేపట్లో ఎవరైనా లోపలికి వెళ్ళి ఉండొచ్చు. ఎవరైనా బయటికి వచ్చి ఉండొచ్చు. ప్రోగ్రాముకి అది తెలిసినా ఏం లాభం? ఒక అరలో ఒకటే చీటీ. ముందు రాసింది చెరిగిపోయింది. అడగడానికి ఏమీ మిగల్లేదు.

"గువ్వా!" ఆమె అరిచింది, ఎటూ చూడకుండా. "మొన్న నీ పన్ను ఊడితే ఎక్కడ దాచాం?"

"అగ్గిపెట్టెలో" అంది పక్కనున్న పిల్ల.

"అగ్గిపెట్టెలో" అంది తలుపు వెనక పిల్ల.

ఒకేసారి అన్నారు. ఒక అక్షరం ముందూ లేదు, వెనకా లేదు.

ఆమె నేల మీద కూలబడింది. రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఒక తల్లికి ఇంతకంటే శిక్ష ఏముంటుంది... తన బిడ్డ తెలీకపోవడం! గొంతు తెలీక, మొహం తెలీక, ఒక తెర మీద రెండు మాటలు చూసి తేల్చుకోవలసి రావడం. ఆ తెరకి మాత్రం ఏం తెలుసు? అడుగు ఎవరిదనిపిస్తే వాళ్ళ పేరు. అంతే కదా తను దానికి నేర్పింది.

"అమ్మా... నడుం దాకా... అమ్మా, చీకటిగా ఉంది..." తలుపు మీద చిన్న చేతులు కొడుతున్నాయి. గోకుతున్నాయి. తర్వాత కొట్టడం తగ్గింది. గోకడమూ తగ్గింది.

"తియ్యకమ్మా" అంది పక్కనున్న పిల్ల, ఆమె భుజం మీద తల ఆనించి. "మనిద్దరం ఉన్నాంగా."

ఆ మాటకి ఆమె లేచింది. ఎందుకు లేచిందో తర్వాత ఎంత అడిగినా చెప్పలేకపోయింది. గువ్వ అయితే నానమ్మని కూడా లెక్కేసేది అనుకుందో, మునిగిపోతున్న పిల్ల దెయ్యమైనా సరే వదలలేననుకుందో. పిల్లని అత్తయ్య చేతికి వదిలి గడియ దగ్గరికి ఉరికింది. గడియ రాలేదు. తేమకి తలుపు ఉబ్బి బిగుసుకుపోయింది. గోళ్ళు విరిగాయి. భర్త పనిముట్ల పెట్టె బోర్లించి సుత్తి తీసింది. కొట్టింది. కొట్టింది. వేళ్ళ మీద పడ్డా ఆగలేదు. లోపల ఇక చప్పుడే లేదు.

"గువ్వా! పలకవే! ఒక్కసారి పలకవే తల్లీ!"

గడియ ఊడింది. తలుపు తెరుచుకుని నీళ్ళు కాళ్ళ మీదికి దూకాయి. వాటితోపాటు ఒక చిన్న ఒళ్ళు ఆమె మీద పడింది. నిలువెల్లా తడిసి, పళ్ళు టకటకా కొట్టుకుంటూ, రెండు చేతులూ మెడ చుట్టూ వేసి కరుచుకుపోయింది. అదే పువ్వుల గౌను. కనుబొమ మీద మచ్చ.

ఆమె వెనక్కి తిరిగి చూసింది.

హాల్లో అత్తయ్య ఒక్కతే నిలబడి ఉంది. పిల్ల తల మీద వేసిన చెయ్యి ఇంకా అలాగే గాల్లో ఉంది. దాని కింద ఎవరూ లేరు.

తెర మీద మాటలు మారాయి.

గువ్వ : హాలు
కొత్త మనిషి : హాలు

రెండు పేర్లు. ఒక్క పిల్ల.

ఆమె ఇక ఆగలేదు. ఒక చంకన పిల్ల, ఒక చేత అత్తయ్య. చెప్పులైనా వేసుకోకుండా వానలో పడి రోడ్డు దాటింది. ఎదురుగా మూసేసిన మందుల దుకాణం ముందు రేకుల కింద కూలబడింది. భర్త వచ్చేదాకా అక్కడే ఉన్నారు. మోకాలి లోతు నీళ్ళలో బండి తోసుకుంటూ వచ్చాడాయన. వాళ్ళని అలా చూసి బండి అక్కడే పడేశాడు.

"ఏమైంది? అమ్మకేమైనా అయిందా?"

"ఏవండీ, ఆ ఇంట్లోకి ఇంక వెళ్ళొద్దు. ఏమీ అడక్కండి. ఇంక వెళ్ళొద్దు."

కానీ బట్టలు కావాలి, అత్తయ్య మందులు కావాలి. ఆమె వద్దంటున్నా వినకుండా ఆయన తన టార్చి వేసుకుని వెళ్ళాడు. ఒక సంచీ, ఆమె కంప్యూటరు పట్టుకుని తిరిగొచ్చాడు. మొహం అదోలా ఉంది.

"సామాన్ల గదిలో నీళ్ళొచ్చాయన్నావు?"

"నా కాళ్ళ మీదే పడ్డాయండీ. పిల్ల మునిగిపోయేది."

"అక్కడ చుక్క నీళ్ళు లేవు. హాల్లోనూ లేవు. ఆ గదిలో దుమ్ము కూడా చెదరలేదు. ఎవరూ అడుగు పెట్టిన జాడే లేదు."

ఆమె ఒళ్ళోని పిల్లని ఇంకా దగ్గరికి హత్తుకుంది. అందరూ వానలో తడిసే ఉన్నారు. ఏ నీళ్ళు ఎక్కడివో ఇప్పుడెవరు చెప్పగలరు?

అత్తయ్య సంచీలోంచి తువ్వాలు తీసి పిల్ల తల తుడవబోయింది. చిక్కులు పడ్డ జుట్టు వేళ్ళకి తగిలి పట్టేసింది. పిల్ల ఒక్కసారిగా గుక్క పట్టి ఏడ్చింది. "నొప్పే నానమ్మా! లాగకూ!" అని వీధంతా వినపడేలా ఏడ్చింది.

ఆ ఏడుపు విని ఆమె కూడా ఏడ్చింది. బిడ్డ పుట్టినప్పుడు మొదటిసారి విన్న ఏడుపులా ఉంది. పిల్ల నుదురు, బుగ్గలు, చేతులు పిచ్చిదానిలా ముద్దుపెట్టుకుంది. తమ్ముడు వ్యాను తీసుకుని వచ్చేసరికి తల్లీ కూతురూ ఇద్దరూ వెక్కుతూనే ఉన్నారు.

వాడు ఒక్కడే ఇంట్లోకి వెళ్ళి పట్టీలన్నీ పీకేశాడు. తీగలు కత్తిరించి ఒక గోనెసంచిలో కుక్కి కాలువలో పారేశాడు. తర్వాత అందరినీ ఎక్కించుకుని తన ఇంటికి బయల్దేరాడు. ముందు సీట్లో వాడూ, భర్తా. వెనక అత్తయ్య కిటికీకి తలానించి కునుకు తీస్తోంది. పిల్ల తల్లి ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. వాన వెలిసింది. వీధి దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.

ఆమెకి ఒక్కటే తపన. ఆ ప్రోగ్రాము తన దగ్గర ఇంక ఉండకూడదు. నిద్రపోతున్న పిల్ల కదలకుండా, కంప్యూటరుని పక్కన పెట్టుకుని ఒంటి చేత్తో తెరిచింది. పట్టీలు లేవు. తీగలు లేవు. ఇక దానికి చెప్పేదేదీ లేదు. ఐదు పేర్లూ అలాగే ఉన్నాయి, హాలు, బయట అంటూ చచ్చిన మాటలు. ఒక్కొక్కటే చెరిపింది. నేను. ఆయన. అత్తయ్య. కొత్త మనిషి. గువ్వ పేరు దగ్గర వేలు కాసేపు ఆగింది. అదీ చెరిపింది.

డిక్షనరీ ఖాళీ అయింది. తెర మీద తెల్లగా ఏమీ లేదు. ఆమె కళ్ళు మూసుకుంది.

మూత వేయబోతూ మళ్ళీ ఒకసారి చూసింది.

ఒక పేరు చేరి ఉంది. ఆమె ఎన్నడూ రాయని పేరు. పక్కన రాసింది ఏ గదీ కాదు.

అమ్మ : దొరికింది